చెవి వెనక తిత్తి

ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించండి. మా ఆయన పోయాకే అక్షరాలు దిద్దుకున్నాను. ఒక్కో మాట రాయడానికి నాకు చాలాసేపు పడుతుంది.

నా ఎడమ చెవి వెనక, పుర్రె ఎముకలో, ఒక తిత్తి ఉందన్నారు. పుట్టుకతో వచ్చేదట, చాలా అరుదట, క్యాన్సర్ మాత్రం కాదట. అది పెరిగి పెరిగి చెవి లోపలంతా తినేసింది కాబట్టి ఎముక తొలిచి తీసేశారు. ఆ చెవి ఇక వినపడదు. నాకు మిగిలింది కుడి చెవి ఒక్కటే.

ఆపరేషన్ అయిన రాత్రి వార్డంతా పడుకున్నాక డాక్టరమ్మ మూత బిగించిన సీసా పట్టుకుని వచ్చింది.

"ఇలాంటి తిత్తుల్లో వెంట్రుకలుండటం మామూలేనమ్మా," అంది. కానీ సీసా నా చేతికివ్వలేదు.

"ఇన్నాళ్లూ తలలో సవరం దాచుకున్నావా అమ్మా!" అని నా కూతురు నవ్వుతూ దాన్ని అందుకుని, లైటు కింద పెట్టి చూసింది. నవ్వు ఆగిపోయింది.

లోపల వేలెడంత జడ ఉంది. మూడు పాయలు తీసి, బిగించి అల్లిన జడ. కొసన ముడి కూడా వేసి ఉంది.

"మేం అల్లలేదమ్మా. తిత్తి కోసేసరికే ఇలా ఉంది," అంది డాక్టరమ్మ.

కూతురు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పోనీలే అమ్మా, తీసేశారుగా. పీడ వదిలింది."

అప్పటికే కుడి చెవి వెనక, ఎముక లోపల, ఎవరో నెమ్మదిగా చిక్కు తీస్తున్నారు. దువ్వెన పళ్ల చప్పుడు నాకు స్పష్టంగా వినిపిస్తోంది.

బొంతలు కుడతాను కాబట్టి అందరూ నన్ను బొంతలమ్మ అంటారు. వయసు అరవై ఏడు. ఇప్పుడు కూతురి ఇంట్లో, మేడ మీది గదిలో ఉంటున్నాను.