ఓడెక్కాల్సిన బండి

బండికేం తెగులో అడక్కుండానే చిన్నప్ప దాని ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మడ్గార్డు అంచు వెంట వేలు పోనిచ్చాడు. నల్ల ప్లాస్టిక్కు. కుడివైపు కొంచెం విరిగి ఉంది.

బండి తెచ్చిన హరీష్‌కు ఏమీ అర్థం కాలేదు. “రిపేరేమీ లేదన్నా. ఓడలోకి ఎక్కించాల. తూకమెంత ఉంటాదో సెప్పు, సాలు.”

చిన్నప్ప లేచాడు. షెడ్డులోకి పోయి, పాపమ్మ ఫొటో ముందున్న రేకు డబ్బా తెచ్చాడు.

మదనపల్లెలో ఆ డబ్బా సంగతి తెలియని బండివాడు లేడు. ఏడాది కిందట, తెల్లవారుజామున పొగమంచులో టమోటా మార్కెట్టుకు కూలికి నడిచిపోతున్న చిన్నప్ప భార్య పాపమ్మను పుంగనూరు రోడ్డు మీద ఎవరో బండితో గుద్ది, ఆగకుండా పోయారు. మర్నాడు చిన్నప్ప రోడ్డు పక్క కంపలన్నీ వెతికితే దొరికింది ఒక్కటే, రెండు వేళ్ళ వెడల్పున్న నల్ల ప్లాస్టిక్ ముక్క. మడ్గార్డు నుంచి విరిగిందని మెకానిక్‌కు ఒకరు చెప్పాలా. పోలీసులు రెండు నెలలు తిరిగి వదిలేశారు. చిన్నప్ప వదల్లేదు. గుద్దినవాడు దొరికిందాకా భార్య ఫొటోకు దండ వెయ్యనని ఒట్టు పెట్టుకున్నాడు. అప్పట్నుంచీ షెడ్డుకొచ్చిన ఏ బండికైనా ముందు మడ్గార్డు చూడటం, తర్వాతే రిపేరు.

హరీష్‌ది పుంగనూరు. సరిగ్గా ఆ నెలలోనే ఊరొదిలి ఓడ పనికి పోయాడు. ఇప్పుడొచ్చి బండిని సముద్రం దాటిస్తానంటున్నాడు. చిన్నప్ప డబ్బా మూత తీశాడు.

ముక్కను విరిగిన చోట పెట్టి చూశాడు. కలవలేదు. తిప్పి పెట్టాడు. అప్పుడూ కలవలేదు.

“గుద్దింది నేనేనేమో అనుకుంటివా అన్నా?” అన్నాడు అప్పటికి సంగతి అర్థమైన హరీష్ మెల్లగా. గొంతులో కోపం లేదు. చిన్నప్పకు తల కొట్టేసినట్టయింది. టీ తెప్పించాడు.

టీ తాగుతూ హరీష్ సంగతంతా చెప్పాడు. అది ఎవరో శ్రీమంతుడి సొంత షికారు ఓడ, యాట్ అంటారట. అందులో తనది తాళ్ళు కట్టే పని. రేవుల్లో ఆగినప్పుడు కూరగాయలకూ మందులకూ తిరగడానికి పనివాళ్ళు ఒక బండి పెట్టుకోవచ్చని ఓనరు ఒప్పుకున్నాడు. కాకపోతే ఓడ వెనకున్న చిన్న క్రేను నూట పది కిలోలకు మించి ఎత్తదు. ఎల్లుండి మంగళూరులో ఓడ కదులుతుంది. మళ్ళీ ఈ వైపు రాదు.

“ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అంటారు గానీ నీ బండి మాత్రం ఓడెక్కదప్పా. నూట నలభై ఉంటాది,” అన్నాడు చిన్నప్ప.

“నాది తీస్కపో,” అన్నాడు గోడకానుకుని నిలబడ్డ ప్రదీప్.

ప్రదీప్ చిన్నప్ప ఒక్కగానొక్క కొడుకు. కుప్పంలో గ్రానైటు ఫ్యాక్టరీలో పని. శుక్రవారం జరగబోయే తల్లి సంవత్సరీకానికని తన బండి మీద వచ్చాడు. “నూటైదు కిలోలే. దుడ్లేమీ వద్దు, ఊరికే తీస్కపో,” అన్నాడు మళ్ళీ.

కొడుకు బాధ చిన్నప్పకు తెలుసు. తల్లి పోయిందన్న కబురు విని కుప్పం నుంచి బస్సులో వచ్చి పడి, నాలుగు రోజులు మెతుకు ముట్టనివాడు. తర్వాత షెడ్డు గడప తొక్కడమే తగ్గించాడు. బండి సర్వీసు కూడా కుప్పంలోనే. మెకానిక్ కొడుక్కి ఇదేం ఖర్మరా అని చిన్నప్ప విసుక్కున్నా, తల్లి ఫొటో చూడలేకనే రావడం లేదని వీధి వీధంతా అనుకునేది. బండి ముందు మడ్గార్డు నిండా ‘అమ్మ దీవెన’ అని పెద్ద స్టిక్కరు వేయించుకున్నాడు. అది చూసి కళ్ళొత్తుకోని ఆడమనిషి లేదు.

“మరి నువ్వు పనికెట్ల పోతావురా?”

“బస్సుండాది గదా నాయనా.” ప్రదీప్ తల దించుకున్నాడు. “ఈ శుక్రవారం అమ్మకు దండెయ్యి నాయనా. ఆ ముక్కను గూడా ఓడకే ఇచ్చెయ్, సముద్రంలో ఏస్తారు. ఇంకా ఎన్నాళ్ళని ఎతుకుతావు?”

చిన్నప్పకు ఏడుపొచ్చింది. పోయినదాని కోసం వెతుకుతూ, ఉన్నవాణ్ణి ఏడాదిగా గాలికి వదిలేశానే అనుకున్నాడు. సరేనని తలూపాడు.

కుర్రాళ్ళిద్దరూ మంగళూరుకు ట్రాలీ ఆటో మాట్లాడటానికి బయల్దేరారు. “నువ్వేమీ ఇప్పొద్దు నాయనా, ఉన్నెట్లనే పోనీ,” అని చెప్పి మరీ పోయాడు ప్రదీప్.

వీడికేం తెలుసు ఉప్పుగాలి సంగతి! చిన్నప్ప పెట్రోలు వంపేశాడు. బ్యాటరీ తీశాడు. బోల్టు బోల్టుకూ ఆయిలు రాశాడు. స్టిక్కరు దగ్గర ఆగాడు. దాని కింద ఉప్పుచెమ్మ చేరుతుంది కాబట్టి తియ్యాల్సిందే. అసలు సంగతది కాదు. పాపమ్మ కోసం కొడుకు రాయించిన మాట పరాయి దేశాల పాలు కావడం ఆయనకు ఇష్టం లేదు. వేడినీళ్ళతో తడిపి, పుండు మీద కట్టు విప్పినంత మెల్లగా లాగాడు. చిరగకుండా వచ్చింది. తీసుకుపోయి ఫొటో కింద అతికించాడు. పాపమ్మా, కొడుకును బాగా పెంచావే అన్నాడు పైకే.

తిరిగొచ్చి మడ్గార్డు మీద జిగురు తుడుస్తుంటే, పగుళ్ళు కప్పే లప్పం గుడ్డతో పాటు పెళ్ళగా ఊడొచ్చింది. దాని కింద రెండు వేళ్ళ వెడల్పు ఖాళీ.

ఓడతో పంపడానికి తీసిపెట్టిన ముక్క పక్కనే గోనెపట్టా మీద ఉంది. చిన్నప్ప చాలాసేపు దాన్ని తాకలేదు. తర్వాత తీసి పెట్టాడు.

సరిగ్గా కూర్చుంది.