బోర్డు మీద ఎనభై

“మళ్ళీ దిద్దీసారు! ఎవులి పనిది?”

కలకత్తా ఖిదిర్‌పూర్‌లో తన భోజనాల హోటలు ముందు నిలబడి అప్పాయమ్మ కేకేసింది. నిన్న సాయంత్రం బోర్డు మీద ‘చేపల పులుసు భోజనం 60’ అని తను రాసిన చోట, పొద్దున్నే లేచి చూస్తే 80 ఉంది. వరసగా ఇది ఐదో రోజు.

కోడలు నీరజ ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తింది. “పోనీ ఎనబయ్యే ఉంచీ అత్తా. గ్యాసుబండ ధర సూసినావా? ఇలాగైతే దుర్గా పూజల్లోపే హోటలు మూసీవాల.”

“మూసీవలసొస్తే మూసీద్దాం. ఓడల డాకులో మూటలు మోసీవోల కాడ ఇరవై ఎక్కువ తీసుకోనా? బోర్డు సూసి ఆలు ఎనక్కెల్లిపోతే ఎవులికి వొండాల?”

ఐదు రోజులుగా బోర్డు చూపించి ఎనభై ఇచ్చినవాళ్ళందరికీ ఆవిడ పట్టుబట్టి ఇరవై తిరిగిచ్చేసింది. అన్నం అమ్మడమే పాపమనుకునే మనిషి మరి!

ఆవిడ అనుమానమంతా ఎదురుగా ఉన్న బర్గర్ షాపు మీదే. మొన్నటిదాకా నూట యాభై ఉన్న బర్గరు ఇప్పుడు రెండు వందల ముప్ఫై. అరచేతిలో పట్టే ఆ రొట్టెకి మారు వడ్డన కూడా లేదు. అక్కడ బేరాలు తగ్గి జనం ఇటు మళ్ళుతున్నారు. వాళ్ళకి కడుపుమంట ఉండదూ?

ఆరో రోజు పొద్దున్నే తలుపు సందులోంచి కాపు కాసింది. వచ్చాడు. ఎర్రచొక్కా, ఎర్రటోపీ. బర్గర్ షాపు వాడే! మునివేళ్ళ మీద లేచి అరవైని తుడుస్తున్నాడు.

అప్పాయమ్మ ఒక్క ఉదుటున వెళ్ళి చెయ్యి పట్టుకుంది. “దొరికినావురా! నా పొయ్యి ఆర్పమని మీ మేనేజరు పంపినాడేటి?”

పెనుగులాటలో టోపీ కిందపడింది. ఆవిడ మొహంలోకి చూసింది. రెండేళ్ళుగా రోజూ మామూలు బట్టల్లో వచ్చి చివరి బల్ల దగ్గర కూర్చుని చారు రెండోసారి అడిగే జయప్రకాశ్!

“తప్పైపోనాది పిన్నీ. రోజంతా నాను అమ్మే బర్గరు నానే కొనుక్కోలేను. నువ్వెట్టిన అన్నంతోనే నిలబడ్డాను. ఎక్కువిస్తే నువ్వు తీసుకోవు. నీ పొయ్యి ఆరిపోతే మాకు అన్నం ఎవులెడతారు?”

అప్పాయమ్మకి కళ్ళు నిండిపోయాయి. అయినా గొంతు తగ్గించలేదు. “అయితే అయిదు రోజులూ నువ్వేనేటి దిద్దినావు?”

“నాను ఇయాలొక్కరోజే పిన్నీ. నిన్న మూటలు మోసీ పెద్దిరాజు మామ, మొన్న మల్లేశన్న... నెలాఖరు దాకా నీ కాడ తినీవోలం అందరం వంతులేసుకున్నాం.”