సీతయ్య రాసుకున్న మాటలు

“పొయ్యి ముట్టించు ముందు! కాయితమనేది ఇంట్ల కనబడొద్దు!” పక్కింటి పిచ్చమ్మ గడపలో నిలబడి రొప్పుతోంది.

బతుకమ్మకు ఏమీ అర్థం కాలేదు. “ఏందత్తా, ఏమైంది?”

“ఇంకేం గావాలె! చర్ల సంతల నీ మొగుణ్ణి పోలీసోళ్ళు పట్టుకున్నరు. క్యాంపుకు తీస్కపోయిన్రు. జేబుల నోటుబుక్కు దొరికిందంట.”

“గది మాటల బుక్కే గదా!”

“ఏం మాటలే?”

బతుకమ్మకు ఆ మాటలన్నీ కంఠతా వచ్చు. స్కంధావారం, సైన్యం దిగిన చోటు. ప్రణిధి, గూఢచారి. కృపాణం, కత్తి. ఒక్కో మాట పక్కన ఒక్కో అంకె, అది పుస్తకంలో ఆ మాట ఉన్న పేజీ నంబరు. అడవి పక్క ఊళ్లో, అందులోనూ పోలీసులు నక్సలైట్ల కోసం గాలిస్తున్న రోజుల్లో, పోలీసు చేతికి చిక్కడానికి ఇంతకంటే పాడు బుక్కు ఇంకొకటి ఉంటుందా?

సీతయ్య అడవిలో వెదురు నరికే కూపులో మేస్త్రి. చదివింది ఐదో తరగతి. రెండేళ్ళ కిందట బడిపంతులు రాజుల కాలం నాటి కథ ఉన్న పాత నవల ఒకటి చేతిలో పెట్టి, “చదువు సీతయ్యా, తెలియని మాట వస్తే రాసుకొచ్చి నన్నడుగు” అన్నాడు. ఆ పంతులు ఎటో బదిలీ అయి పోయినా సీతయ్యకు పట్టిన పిచ్చి వదల్లేదు. కూపులోనైనా సంతలోనైనా కాస్త తీరిక దొరికితే బుక్కు తీసి బట్టీ పట్టడమే పని.

ఇంటికొచ్చాక పెళ్ళానికి పరీక్ష.

“మందస్మితం అంటే ఏంది చెప్పు?”

“సిన్నగ నవ్వుడు.”

“నిరీక్షణ?”

“ఎదురుచూసుడు. గా మాత్రానికి అంత పేరెందుకయ్యా?”

“బడికి పోయింది నేను, మాటలు నీకొస్తున్నయ్!” అని ఉడుక్కునేవాడు.

“నిలబడి ఏం ఆలోచిస్తున్నవే?” పిచ్చమ్మ గదిమింది. “పోయినేడు పక్కూరి లాలు ఏమైండో యాదికి లేదా? ఇంట్ల ఒక్క పుస్తకం దొరికింది, గంతే. జీపెక్కినోడు మల్ల రాలే.”

లాలు పేరు వినగానే బతుకమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. దూలం మీద ఉప్పుకుండ వెనక ఉన్న నవల దించింది. నాలుగు వందల పేజీలు ఒక్కసారి అంటుకుంటాయా? చింపి చింపి పొయ్యిలో పెట్టాల్సి వచ్చింది. అతను పెన్సిలుతో గీతలు గీసుకున్న మాటలు కళ్ళ ముందే నల్లబడుతుంటే వెక్కి వెక్కి ఏడ్చింది. చివరి అధ్యాయం సీతయ్య ఇంకా చదవనే లేదు. బూడిద ఎత్తి దొడ్లో బీరపాదులో పోసి, పొయ్యి అలికింది.

అలికిన తడి ఆరకముందే వాకిట్లో సైకిల్ ఆగింది. వయసు మళ్ళిన కానిస్టేబుల్, ఒక్కడే వచ్చాడు.

“సీతయ్య పెండ్లానివి నువ్వేనా?”

“అవ్ సారూ.”

“ఇంట్ల నవల ఒకటి ఉండాలె. తియ్యి, జల్దీ.”

“మా ఇంట్ల పుస్తకాలేడివి సారూ! సదువొచ్చినోడైతే కూపుల ఎందుకుంటడు?”

“దూలం మీద, ఉప్పుకుండ ఎనక ఉంటదంట గదా.”

బతుకమ్మ గుండె గుభేలుమంది. చోటు కూడా చెప్పించారు! ఎంత కొడితే నోరు విప్పాడో పాపం. భయం మొహంలో కనబడనివ్వలేదు.

“సూస్కో సారూ.”

అతను పీట వేసుకుని దూలమంతా తడిమాడు. చేతికి దుమ్మంటింది. ట్రంకు పెట్టె తెరిచాడు. చాప ఎత్తి చూశాడు. బియ్యపు కుండలోకి చెయ్యి పోనిచ్చాడు.

“ఎవరికన్న ఇచ్చినవా? భయపడకు, చెప్పు. పొద్దుగూకితే జీపొస్తది. గది రాకముందే నేను పుస్తకంతోని క్యాంపుల ఉండాలె.”

మంచిగా మాట్లాడి గుట్టు లాగే రకం ఇతను. ఆ మాత్రం తెలియని దాన్నా? బతుకమ్మ పిడికిళ్ళు బిగించింది.

“దేవుని మీద ఒట్టు సారూ. పుస్తకమనేదే మా గడప తొక్కలే.”

కానిస్టేబుల్ టోపీ తీసి అరుగు మీద కూలబడ్డాడు. బతుకమ్మ దేవుడికి దండం పెట్టుకుంది. సాక్ష్యం లేనిదే ఎవరు మాత్రం ఏం చేస్తారు? మొగుణ్ణి కాపాడుకున్నాననుకుంది.

“మొత్తానికి లేదంటవ్,” అంటూ లేచి అతను సైకిల్ స్టాండు తీశాడు. ఎక్కకుండా ఆమె వైపు తిరిగాడు.

“గా మాటలు నవలలయే అని సూపిస్తే ఇడిసిపెడ్తరని, నీ మొగుడే నన్ను పంపిండమ్మా.”