మంచోడెవడూ చావలేదు

"పడింది! మళ్లీ పడింది!" అంటూ నగరేశ్వరరావు అరకేజీ తూకపురాయి తీసి బల్ల మీద దబీమని కొట్టాడు.

ఆమదాలవలసలో అతని కిరాణా కొట్టులో టీవీ ఎంత పెద్దదంటే, ఎడారి దేశంలో బాంబు పడితే ఇక్కడ కందిపప్పు బస్తా ఉలిక్కిపడేది. ఎవరిదో దేశం మీదికి ఇంకెవరిదో సైన్యం వెళ్లింది. శాంతి కోసమేనని టీవీ చెప్పింది. ఆ టీవీ లెక్కన చచ్చిన ఉగ్రవాదుల్ని వరసగా నిలబెడితే నౌపడ ఉప్పుమళ్ల దాకా వస్తారు. మంచివాడు మాత్రం ఇంతవరకూ ఒక్కడూ చావలేదు.

బాంబు పడ్డప్పుడల్లా కొట్టుకొచ్చినవాళ్లకి పటికబెల్లం పంచడం సావుకారికి అలవాటు. మొన్న ఎండాకాలంలో, తన తమ్ముడు అప్పలసూరి దినాలకి సరుకులు కొనడానికొచ్చిన నరసింగరావు చేతిలోనూ ఓ ముక్క పెట్టాడు. అప్పలసూరి ఆ దేశానికి తాపీపనికి వెళ్లినవాడు. అతను పడుకున్న షెడ్డు మీద బాంబు పడితే, అది ఉగ్రవాదుల స్థావరమంది టీవీ.

"మా తమ్ముడు కూలోడు, సావుకారూ" అన్నాడు ఆ రోజు నరసింగరావు.

"కూలోడైతే బాంబెందుకేస్తారు? టీవీకన్నా నీకెక్కువ తెలుసునేటి?"

కొట్టంతా నవ్వింది. అప్పట్నుంచి అప్పలసూరి కూతురు అమ్మడిని బడిలో 'బాంబోడి కూతురు' అంటున్నారు. ఆ పిల్ల బడి మానేసింది.

ఇవాళ నరసింగరావు తనే చెయ్యి చాపాడు. "నాకూ ఓ ముక్క పెట్టు, సావుకారూ."

"ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది నీకు!"

"ఏటి పేలింది?"

"ఆయుధాల గోదాం. సూడు, ఆ మూడంతస్తుల మేడ."

"లోపల మంచోళ్లెవరైనా..."

"ఒక్కడుంటే ఒట్టు! అందరూ ఉగ్రవాదులే."

"గట్టిగా సెప్పు. తాయారమ్మకి వినపళ్లేదు."

పప్పు కొనడానికొచ్చిన తాయారు వైపు తిరిగి, గొంతు పెంచి మళ్లీ చెప్పాడు సావుకారు. నరసింగరావు తీరిగ్గా పటికబెల్లం చప్పరించాడు.

"అయితే మీ తమ్ముడు ప్రమోద్ కూడా ఆళ్లలో కలిసిపోనాడన్నమాట."

"ఏటి వాగుతన్నావు? ఆడు అక్కడ కూలీల క్యాంపులో సరుకుల కొట్టు సూసుకుంటన్నాడు."

"ఆ క్యాంపుని పోయిన వారం ఈ మేడలోకే మార్సారు. మా అమ్మడి మంచిసెడ్డలడగడానికి ఫోన్ సేసినప్పుడు సెప్పాడు. నీతో మాటాడ్డం మానేశాడటగా, పటికబెల్లం సంగతి తెలిసినకాణ్ణుంచి?"

సావుకారు గబగబా ఫోన్ తీశాడు. స్విచ్చాఫ్. మళ్లీ చేశాడు. స్విచ్చాఫ్. టీవీలో అమ్మాయి నవ్వుమొహంతో, శత్రువుల్లో ఒక్కరూ మిగల్లేదని చెబుతోంది.

"అది గోదాం కాదు!" అని అరిచాడు సావుకారు. "కూలోళ్లుండే మేడ! అబద్ధాలాడతన్నారు నా కొడుకులు!"

"టీవీకన్నా నీకెక్కువ తెలుసునేటి?"

"మా ప్రమోద్ చీమక్కూడా హాని సెయ్యడయ్యా!"

"మరి మా అప్పలసూరి?"

సావుకారు మళ్లీ ఫోన్ నొక్కాడు. తాయారు పప్పు పొట్లం బల్ల మీద పెట్టేసి, "సెప్పు సావుకారూ, అడుగుతన్నాడు కదా" అంది.

"కూలోడే... ఆడూ కూలోడే."

"ఇక్కడ కాదు. నవ్వినోళ్లంతా బజార్లో ఉన్నారు. బజార్లోకొచ్చి సెప్పు."

సావుకారు చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి పరిగెత్తాడు. జనం మూగారు. గుండెలు బాదుకుంటూ అరిచాడు.

"అప్పలసూరి ఉగ్రవాది కాడు! కూలోడు! టీవీ అబద్ధం సెప్పింది! నేనూ అబద్ధమే సెప్పాను!"

అని, "ఒరే ప్రమోదూ!" అంటూ అక్కడే దుమ్ములో కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. లేవనెత్తడానికి ఎవరూ ముందుకు రాలేదు.

ఎదురుగా ఆగి ఉన్న ఆటోలో, స్విచ్చాఫ్ చేసిన ఫోన్ చేత్తో పట్టుకుని అంతా చూస్తున్న ప్రమోద్ కూడా దిగలేదు.