వాన పడితే దూకే చేపలు

టప్.

రొట్టె కాలుస్తున్న సుమిత్ర చెయ్యి ఆగింది. మళ్లీ టప్. ఆ వెంటనే, తడిగుడ్డతో నేలను కొట్టినట్టు, చిన్నచిన్న దెబ్బలు.

ముందుగదిలోకి పరుగెత్తింది. అద్దాల తొట్టి కింద, గచ్చు మీద, గోల్డ్‌ఫిష్ కొట్టుకుంటోంది. దోసిట్లోకి తీసుకుని నీళ్లలో వదిలింది. అది అడుగుకు దిగలేదు. పైకే వచ్చి, నోరు తెరుస్తూ, మూస్తూ, అద్దం అంచు వెంటే తిరగసాగింది.

“మూడోసారి, అమ్మా,” అంది తనుశ్రీ. నాలుగో తరగతి పిల్ల. క్యాలెండర్‌లో ఆ తేదీ పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టింది. “మొన్నటిది సచ్చిపాయె. ఇది బతికింది.”

చెబుతూనే మోచేతి మీది దద్దును గోక్కుంది. సుమిత్ర ఆ చేతిని పట్టుకుని ఆపింది. ఆపగలిగింది అంతే.

సుమిత్ర పటాన్‌చెరు వెళ్తే, రంగుచేపలమ్మే జైపాల్ అన్నీ వరసగా అడిగాడు.

“మూత ఉన్నదా అక్కా?”

“లేదు.”

“నీళ్లు ఎక్కడివి?”

“మా బోరువే. రాత్రి బకెట్‌ల పట్టి, తెల్లారి పోస్తున్న.”

“ఏ ఊరు?”

“లక్డారం. వాగు పక్కకే ఇల్లు.”

జైపాల్ చేతిలోని చిన్న వలను పక్కన పెట్టాడు. “బయట ఏమున్నదో చేపకు తెల్వదక్కా. లోపట ఉండలేకపోతే దుంకుతది. గంతే. క్యాన్ నీళ్లు పొయ్యి.”

“తాగనీకి మా ఇంటాయన క్యానే తెస్తడు. మరి వంటకు? పిల్ల తానానికి? చేపకు నీళ్లు మారుస్త, పిల్లకు ఎట్ల మార్చాలె?”

జైపాల్ తొట్టి మూతి కొలత అడిగాడు. దాని మీద కట్టమని ఒక ప్లాస్టిక్ జాలి ముక్క కత్తిరించి ఇచ్చాడు.

ఆ మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్న తండ్రిని తనుశ్రీ అడిగింది. “నాయినా, చేపలు ఎందుకు దుంకుతయే?”

“కొత్తనీళ్ల వాసన తగిలితే చేప ఎదురెక్కుతది బిడ్డా. మా చిన్నప్పుడు వాగుల గిట్లనే దుంకుతుండె. పళ్లెం పట్టుకోని నిలవడితే పళ్లెంలనే పడుతుండె.”

“ఇప్పుడు వాగుల ఉన్నయా?”

ఆయన ముద్ద కలుపుతూనే ఉన్నాడు. కిటికీ బయట మబ్బు కమ్ముకుంది. ఫోను మోగింది. తినీ తినకుండా లేచి, రెయిన్‌కోటు తగిలించుకుని బండి తీశాడు. వానాకాలం కదా, మందుల కంపెనీలో ఓవర్‌టైం డ్యూటీలు ఎక్కువ.

“జాలి గట్టిగ కట్టు,” అన్నాడు గుమ్మంలో, తొట్టి వైపు చూడకుండా.

సుమిత్ర గట్టిగానే కట్టింది. రాత్రంతా వాన పడింది. మర్నాడు నీళ్లు మార్చింది. తొట్టి నిండాలంటే ఆరు క్యాన్లు కావాలి. ఇంట్లో ఉన్నది ఒక్కటి. మిగిలింది బోరు నీళ్లతోనే నింపింది.

ఈసారి మిగిలిన రెండు చేపలు దూకలేదు. దూకబోయాయి. జాలికి మూతులు కొట్టుకున్నాయి. పడ్డాయి, లేచాయి, మళ్లీ కొట్టుకున్నాయి. సాయంత్రానికి రెండూ వెల్లకిలా తేలాయి.

తనుశ్రీ ఏడవలేదు. పెన్సిల్ తెచ్చుకుంది. రెండు చుక్కలు పెట్టి, వెనక్కి జరిగి చూసింది.

“అమ్మా, సూడు. చుక్కలన్నీ వాన పడ్డ తెల్లారే.”

సుమిత్ర చూసింది. ఒక్కొక్క చుక్క మీదా వేలు పెట్టింది. ఆ పూట క్యాలెండర్‌ను గోడ మీంచి తీసి, తెచ్చి భర్త కంచం పక్కన పరిచింది.

ఆయన కంచం పక్కకు జరిపాడు.

“నా చేతుల ఏమున్నది, సుమిత్రా? సార్లు తిప్పుమంటే తిప్పుడే గద,” అన్నాడు. కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

గురువారం వాగు నీళ్ల సంగతి విచారించడానికి జిల్లా నుంచి ఇంద్రజ అనే కాలుష్య నియంత్రణ అధికారి వచ్చింది. పంచాయతీ ఆఫీసు వరండాలో ఊరు కూర్చుంది.

“మా బర్లు ఆ వాగుల మూతి వెడ్తలేవు మేడం,” అన్నాడు పెద్దరాములు. “బర్రెకున్న తెలివి మాకు లేకపాయె.”

కొందరు నవ్వారు. సుమిత్ర క్యాలెండర్ తీసుకెళ్లి బల్ల మీద పెట్టింది. ఇంద్రజ చుక్కలను, వాన లెక్కల కాగితాన్ని పక్కపక్కన పెట్టుకుని చదివింది.

“సరిపోతున్నాయమ్మా. ఎగువనున్న మందుల కంపెనీ వాన కోసం కాచుకుని, ఆ ఉధృతిలో వ్యర్థాలు వదిలేస్తోంది. మేం వచ్చేసరికి వాగు అంతా కడుక్కుపోతుంది. అడిగితే వాగులోకి తెరిచే వాల్వు లేనే లేదంటారు. అది తిప్పే మనిషి ఒక్కడు సాక్ష్యం చెబితే చాలు. వాళ్లు తప్పించుకోలేరు. నాకొక్క పేరు కావాలి.”

“చెప్పినోని నౌకరి ఉంటదా మేడం?” వెనక నుంచి ఎవరో అన్నారు.

“ఉండకపోవచ్చు,” అంది ఇంద్రజ. అబద్ధం చెప్పలేకపోయింది.

“ఎవడో గానీ,” పెద్దరాములు తుండు దులుపుకున్నాడు, “ఆనికి పిల్లలు లేరా?”

ఇంద్రజ పెన్ను మూత తీసింది. వరండా అంతా కలయజూసింది. మళ్లీ మూత పెట్టబోయింది.

అప్పుడు, పెళ్లయిన పన్నెండేళ్లలో పెనిమిటి పేరును ఒక్కనాడూ పెదవి దాటనివ్వని సుమిత్ర, కొంగు తల మీదికి లాక్కుని, నేలను చూస్తూ, పలికింది: “నర్సింహ.”