కాసేపు అమ్మ

“ఆంటీ, కాసేపు మా అమ్మలా ఉంటారా?”

టీసీ ఉలిక్కిపడి ముందు తన హ్యాండ్‌బ్యాగు జిప్పు చూసుకుంది. ఆ తర్వాతే పిల్లను చూసింది.

స్కూలు యూనిఫాం. సగం ఊడిన జడ. మనిషిని వెనక్కి లాగేస్తున్న పుస్తకాల సంచి. పదకొండో, పన్నెండో ఉంటాయి. బస్టాపులో ఇంతమంది ఆడవాళ్ళుండగా సరాసరి తన దగ్గరికే వచ్చింది.

రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం ఆమెది. డ్యూటీ దిగి నల్లకోటు మడిచి సంచిలో పెట్టుకున్నా, అనుమానం మాత్రం ఒంటిమీదే ఉండిపోయేది. ఇన్నేళ్ళలో ఆమె చెవిలో పెట్టబోయిన పువ్వులన్నీ పోగేస్తే ఒక తోట అయ్యేది. అందులోనూ వయసుల దగ్గర జనం చెప్పే కాకమ్మ కబుర్లు అన్నీ ఇన్నీ కావు. మీసాలు మొలుస్తున్న కొడుకును ఒళ్ళో ఇరికించుకుని, “వీడికింకా అయిదు నిండలేదండీ” అనే తల్లులను రోజూ చూస్తూనే ఉంది.

“మీ అమ్మ ఏది?”

“రాదు.”

“రాదా, రాలేదా?”

పిల్ల బస్టాపు వెనకున్న అద్దాల షాపు వైపు వేలు చూపించింది. వీడియో గేములు అమ్మే షాపు అది. “అక్కడిదాకా వస్తే చాలు. మీరేం కొనక్కర్లేదు.”

“ఇంతమందిలో నేనే దొరికానా?”

“ఇందాక ఇక్కడ సిగరెట్ కాల్చిన అంకుల్‌ని మీరు తిట్టారు కదా! మీరైతే బాగా చేస్తారనిపించింది.”

అదీ సంగతి, అనుకుంది టీసీ. షాపువాణ్ణి దబాయించడానికి గట్టి గొంతున్న మనిషి కావాలన్నమాట. పిల్ల మామూలుది కాదు. దీని వెనకాల ఎవరున్నారో, ఏం కథో!

బస్సు వచ్చింది. ఎక్కలేదు. దొంగ టికెట్‌ను సగంలో వదిలేసే అలవాటు ఆమెకు లేదు.

“పద,” అంది.

షాపు తలుపు దగ్గర పిల్ల ఆమె కొంగు లాగింది. “కొంచెం కోపంగా ఉండండి ఆంటీ.”

“ఉన్నాలే.”

లోపల ఒక తల్లి కొడుకు చెవి మెలేసి పట్టుకుని ఉంది. “నీ వయసెంత, నువ్వు ఆడే ఆటలేంటి? పెట్టెయ్ అక్కడ!” వాడు ఏడుపు మొహంతో చేతిలో డబ్బా అరలో పెట్టేశాడు. తల్లి వాణ్ణి బరబరా బయటికి లాక్కుపోయింది. టీసీ పక్కకు చూసింది. పిల్ల రెప్ప వెయ్యకుండా వాళ్ళిద్దరి వంకే చూస్తోంది. నేర్చుకుంటోంది కాబోలు, ఎక్కడ దొరికిపోతారో, ఎలా తప్పించుకోవాలో!

కౌంటర్లో ఉన్న షాపతను పిల్లను చూసి నవ్వాడు. అడక్కుండానే కింది సొరుగులోంచి ఒక డబ్బా తీసి పైన పెట్టాడు. అట్ట మీద గొడ్డలి పట్టుకున్న మనిషి. గొడ్డలి నిండా నెత్తురు. మూలన ఎర్ర గుండ్రంలో పద్దెనిమిది అంకె, పెద్దవాళ్ళకు మాత్రమే అని.

రైల్లో పిల్లల వయసు తగ్గిపోతుంది, ఇక్కడ పెరిగిపోతుందన్నమాట. టీసీకి ఒళ్ళు మండింది.

“వచ్చారా అమ్మా! పాప రోజూ అంటోంది, మా అమ్మను తీసుకొస్తానని.”

పిల్ల ఆమె మొహంలోకే చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి. తను మాట్లాడబోయే మాటను పక్కనుంచి అందిస్తున్నట్టుంది.

“నేను వీళ్ళమ్మను కాను,” అంది టీసీ, షాపంతా వినబడేలా. “ఈ పిల్లెవరో కూడా నాకు తెలీదు. రోడ్డు మీద అమ్మను అద్దెకు తెచ్చుకుని, పెద్దవాళ్ళ ఆటలు కొనుక్కుపోదామనుకుంది. ముందు వీళ్ళ నాన్నకు ఫోన్ చెయ్యండి!”

పిల్ల తల దించుకుంది. అరల దగ్గరున్న నలుగురూ వెనక్కి తిరిగి చూశారు. షాపతను ఎటూ తోచక మెడ రుద్దుకున్నాడు.

“వాళ్ళ నాన్నగారికి తెలుసండీ.”

“ఏం తెలుసు?”

“అన్నీ తెలుసు. ఇది పిల్లలు ఆడేది కాదండీ అని నేనే ఫోన్లో చెప్పాను. ‘అది ఏదడిగితే అది ఇచ్చెయ్యండి, నన్ను మాత్రం మీటింగులో కదిలించకండి’ అన్నారు. అప్పుడే డబ్బు కూడా పంపేశారు.”

“మరి డబ్బా ఇంకా ఇక్కడే ఉందేం?”

“నేనిస్తానంటే పాపే వద్దంది. అమ్మ వచ్చి చూడాలి, అప్పటిదాకా ఉంచండి అంది.” అతను డబ్బాను పిల్ల వైపు జరిపాడు. “తీసుకెళ్ళమ్మా. ఎవరూ రానక్కర్లేదని ఎన్నిసార్లు చెప్పాను!”

పిల్ల చేతులు సంచి పట్టీల మీదే ఉన్నాయి. డబ్బాను ముట్టుకోలేదు.

టీసీకి లెక్క కుదరలేదు. ఎవరి అబద్ధానికైనా ఒక లాభం ఉంటుంది. దాన్ని పట్టుకుంటే మనిషి దొరికిపోతాడు. ఇక్కడ లాభం అప్పుడే పిల్ల చేతికి అందేసింది. అయినా అబద్ధం ఆడింది. ఎందుకాడినట్టు?

ఆమె కిందికి వంగి పిల్ల గడ్డం పట్టుకుని పైకెత్తింది. కళ్ళు నిండి ఉన్నాయి.

“నాన్న సరేనన్నాడు, డబ్బు కట్టేశాడు, షాపతను ఇచ్చేస్తానంటున్నాడు. ఇంకా నీకు అమ్మ ఎందుకే?”

“వద్దని తిట్టడానికి,” అంది పిల్ల.