నూటపందొమ్మిదో మూలకం

పొద్దుగాల్నే వాడంతా పేడాలు పంచిన. ఇంత సంబురం నా బిడ్డ స్నేహలత పుట్టిననాడు సుత పడలేదు!

బిడ్డ సుబేదారిల ఒక ప్రైవేటు స్కూల్ల కెమిస్ట్రీ టీచర్. నిన్న తల్లిదండ్రుల మీటింగు. అది మంచిగ జరిగితే నౌకరి పర్మినెంటు చేస్తమన్నరు. నేను రఘునాథపల్లి నుంచి బస్సెక్కి పోయిన.

"పక్క స్కూలు పిల్లలు నూటపద్దెనిమిది మూలకాలు చెప్తరు. మనోళ్లు నూటపందొమ్మిది చెప్తరు!" అని కరస్పాండెంటు సారు మైకుల చెప్పి, గోడంత చార్టు మీది పరదా గుంజిండు. చివరి గడిల బంగారు రంగు అక్షరాలు: ఇత్తడి.

నేను చదివింది నాలుగో తరగతే గని, నలభై ఏండ్లు ఇత్తడి కరిగించినోణ్ణి. ఇత్తడి ఏందో నాకెర్కలేదా!

సారు నన్నే స్టేజీ మీదికి పిలిచిండు. "ఈయన మన మేడం వాళ్ల నాయిన. ఇత్తడి పని చేస్తడు. చెప్పు పెద్దాయనా, ఇత్తడి మూలకమే గదా?"

బిడ్డ దిక్కు చూసిన. దాని నౌకరంతా నా ఒక్క మాట మీదున్నది.

అంతల పిల్లలందరు ఒక్కసారే లేచిండ్రు. "కాదు సార్! రాగిల జింకు కలిపితే ఇత్తడైతది. మా మేడం చెప్పింది!"

అబ్బబ్బ! చిన్నప్పుడు కొలిమికాడ కూసోబెట్టుకొని బిడ్డకు నేను చెప్పిన మాటే అది!

పేడా నోట్లె ఏసుకుంట పక్కింటి యాకమ్మ అడిగింది. "అయితే బిడ్డ నౌకరి పర్మినెంటయినట్టేనా అన్నా?"

"లేదు చెల్లే, నిన్ననే తీసేసిండ్రు. ఇంకో పేడా తీస్కో!"